కత్తి పట్టిన రాణి

…అయినా ఆ రాణి మొహంలో ఏడుపు ఎక్కడుంది? నిన్న సాయంత్రం నుంచీ కనకరత్నం వెతుకుతూనే ఉంది. కత్తిపీట ముందు కూర్చుని కంద చెక్కుతున్నా కళ్ల ముందు ఆ పేకముక్కే. సింహాసనం. నిలువుగా పట్టిన కత్తి. ముందుకి చాచిన ఎడంచెయ్యి. వెనక మబ్బులు, పైన ఒక్కటే పిట్ట.

"ఇది విధవ అండీ. దుఃఖం, ఒంటరితనం," అన్నారు నిన్న బావగారు, అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులతో.

బావగారంటే ప్లీడరు కామేశ్వరరావుగారు, పోయిన ఆమె భర్తకి అన్నగారు. అమలాపురంలో సంస్కర్తని పేరు. తమ్ముడి భార్యకి జుట్టు తీయించనివ్వలేదు. ఆ జుట్టు గురించి అరుగెక్కిన ప్రతివాడికీ చెబుతారు, కొత్తగా కొన్న గ్రామఫోను గురించి చెప్పినట్టు. చిలక జోస్యం వాణ్ణి వీధిలోంచే తరిమేస్తారు. చిలక తీస్తే మూఢనమ్మకం, తను తీస్తే సైన్సు! రంగూను మీద బాంబులు పడ్డప్పుడు పారిపోయి వచ్చిన ముత్యాలరాజుగారు, అక్కడెవరో దొరసాని దగ్గర కొన్న ఆ జోస్యం పేక ఆయనకిచ్చేరు. అందులో రాజులూ రాణులూ మనుషుల స్వభావాలట. మనసు అడుగున ఉన్నదే బొమ్మలో కనపడుతుందని బావగారి సిద్ధాంతం.

నిజమే. ఆయన మనసు అడుగున ఉన్నదే కనపడింది.

నిన్న ఆయన పేకనడిగింది ఒకటే. కనకరత్నాన్ని రాజమండ్రి ట్రైనింగు స్కూలుకి పంపాలా, వద్దా? సీటు వచ్చింది. రేపు వెళ్లి చేరాలి. టీచరయితే తన అన్నం తను తింటుంది. ఈ ఇంట్లో కంద చెక్కే చేతులు తగ్గుతాయి. రాణి రాగానే బావగారి మొహం తేలికపడ్డం తలుపు సందులోంచి ఆమె చూసింది.

"చూసేరా? ముక్కే చెప్పేసింది, వద్దని. ఇవాళ్టికి పొద్దుపోయింది. రేపు పొద్దున్నే నేను వెళ్లి ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పొచ్చేస్తాను."

"ఆయ్, అంతేనండి," అన్నాడొక పెద్దమనిషి.

చాచిన చెయ్యి ఎవర్నో రమ్మంటోందే, దాని మాటేమిటని ఒక్కరూ అడగలేదు. విధవ అనగానే వాళ్లకి చెయ్యి కనపడ్డం మానేసింది. ఏడవడానికి కత్తెందుకని కూడా అడగలేదు.

వీధిగదిలో కిర్రుచెప్పుల చప్పుడు. తోడికోడలు సావిత్రి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"కనకం, మీ బావగారు బయల్దేరుతున్నారే. కాస్త పెరట్లోకి…"

"ఆయన శకునాలు నమ్మరు కదూ, అక్కయ్యా?"

"నమ్మరే తల్లీ. అయినా నువ్వు ఎదురైతే మళ్లీ లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి… ఎందుకొచ్చిన గొడవ? పోయిన నెల పొరపాటున ఎదురొచ్చేవు, ఆ రోజు ప్రయాణమే మానేసేరు. తలనొప్పన్నారులే."

"ఆ తలనొప్పి సైన్సేనా?"

"నీ నోరు పడ!" సావిత్రి నవ్వాపుకుంటూ, వీధిలో ఎవరైనా ఎదురొస్తున్నారేమో చూడ్డానికి వెళ్లింది.

కనకరత్నం చెయ్యి కంద మీద ఆగిపోయింది. బీయే, బీయెల్ చదివిన మనిషి ప్రయాణం తను ఎక్కడ నిలబడుతుందన్న దాని మీద ఉందా! ఇన్నాళ్లూ పెరట్లో బావి దగ్గర నిలబడి, ఆ భయం తనదనుకుంది. కాదు, ఆయనది. రోజూ తనే పెరట్లోకి వెళ్లి, ఆ భయానికి ఎండ తగలకుండా కాపాడుతూ వచ్చింది. ఇవాళ ఆయన రాజమండ్రి పడవ ఎక్కకపోతే సీటు తనకే ఉంటుంది. రేపు తను ఎక్కే పడవకి శకునం చూసేవాళ్లెవరూ లేరు, అదో సుఖం.

"రండి, వీధి ఖాళీగానే ఉంది," సావిత్రి గొంతు.

కనకరత్నం కత్తిపీట వాల్చింది. దురద పెడుతున్న చేతులు చింతపండు నీళ్లతో కడుక్కుంది. పెరటి తలుపు తీసి, బావి వైపు కాకుండా పక్కసందులోకి తిరిగింది. ఆమె వీధిలోకి వచ్చేసరికి బావగారు గొడుగు చంకన పెట్టుకుని, కుడికాలు గుమ్మం దాటిస్తున్నారు.

ఆమె తిన్నగా నడిచి వచ్చి, ఆయనకి ఎదురుగా, మెట్ల ముందు నిలబడింది.