బడేబీ ఇంటి పిల్లులు

కేసముద్రం మార్కెట్ వెనక సందులో బడేబీ చిరిగిన గోనె సంచులు కుట్టి బతికేది. ఎలుకలు సంచులు కొరికేస్తుంటే పిల్లులను పెంచింది. భర్త పోయిన తర్వాత ఆ ఇంట్లో అవే ఆమెకు తోడు. అన్నిటికీ ఒకే తట్టలో పాలన్నం కలిపి పెట్టేది. పక్కింటి మొగిలమ్మ పెంచుకునే నల్లపిల్లి కూడా గోడ దూకి వచ్చి వాటితోపాటే తినేది.

పంతొమ్మిదివందల ఎనభై ఒకటి వానకాలంలో పిల్లులు చావడం మొదలైంది. ముందు ఒక ఈత కూనలన్నీ పాలు తాగలేక చచ్చిపోయాయి. తర్వాత ఎర్ర గండుపిల్లి తిండి మానేసి, ఎముకల గూడై, సంచుల సందున దూరి చచ్చింది. దాని చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

మొగిలమ్మ ఇంట్లో ఎలుకల మందు పెడుతుందని బడేబీకి తెలుసు. ఒకరోజు బోరింగు దగ్గర, నలుగురి ముందు ఆమెను నిలదీసింది.

"నా పిల్లులను సంపింది నువ్వే."

మొగిలమ్మ బిందె ఎత్తుకొని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

కొన్నాళ్లకు బడేబీ పెద్దపిల్లి మున్నీ నోరు తెరిచి ఎగశ్వాస తీయసాగింది. దాన్ని గంపలో పెట్టుకొని ప్యాసింజర్ బండెక్కి వరంగల్ పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ రాజేశ్వర్ రావు చెయ్యి వేసి చూస్తుండగానే బల్ల మీద దాని ప్రాణం పోయింది. కోసి చూడమని, లోపల విషం ఉంటే చెప్పమని బడేబీ పట్టుబట్టింది. నలుగురి ముందు రుజువు చేయాలని ఆమె పంతం.

డాక్టర్ కోసి చూస్తే విషం ఆనవాలు లేదు. గుండె పక్కన నిమ్మకాయంత తెల్లటి గడ్డ ఊపిరితిత్తులను నొక్కేసి ఉంది.

"పిల్లులకు వచ్చే రక్త కేన్సర్ లాంటి జబ్బమ్మా ఇది. ఒకదాన్నొకటి నాకినా, ఒకదాని ఎంగిలి ఇంకోటి తిన్నా అంటుకుంటది," అన్నాడు డాక్టర్.

తాను పుస్తకాల్లో చదివిందే తప్ప దాన్ని పరీక్ష చేసి తేల్చే వీలు ఇక్కడ లేదనీ, మందు లేదనీ, బాగానే కనిపించే పిల్లిలోనూ అది ఉండవచ్చనీ చెప్పాడు. మనుషులకు రాదన్నాడు. పక్కింటి పిల్లి వచ్చి తింటే, అని బడేబీ అడిగింది. దానికీ అంటవచ్చన్నాడు.

ఊరికి రాగానే ఆమె మొగిలమ్మ గడప తొక్కింది. అరుగు మీద నల్లపిల్లి గోనెపట్టా మీద పడి ఉంది. నోటినిండా పుండ్లు. మొగిలమ్మ దూదితో గంజి చుక్కలు వేస్తోంది.

"ఎప్పటి సంది గిట్లున్నది, చెల్లె?"

"నువ్వు బోరింగు కాడ నన్ను అనకముందు నుంచే."

"మరెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తనక్కా? నేను పెట్టిన మందు నా పిల్లే తిన్నదంటవని భయపడ్డ."

బడేబీ పిల్లి పక్కన కూర్చుంది. డాక్టర్ చెప్పిందంతా చెప్పి, "నా తట్టలనే తిన్నది, చెల్లె. నా ఇంటి రోగమే దీనికొచ్చింది," అన్నది.

మొగిలమ్మ పిల్లి నోట్లో ఇంకో చుక్క గంజి వేసింది. తల ఎత్తకుండానే, ఇక ఇంటికి పొమ్మంది.

నల్లపిల్లి రెండు రోజులకు పోయింది. బోరింగు దగ్గర అదే నలుగురి ముందు బడేబీ తప్పు ఒప్పుకుంది. మొగిలమ్మ విన్నది. బిందె నిండగానే వెళ్లిపోయింది.

మిగిలిన రెండు పిల్లులను బడేబీ వేరువేరు గదుల్లో మూసి, వేర్వేరు గిన్నెల్లో అన్నం పెట్టింది. తలుపుకు అటూ ఇటూ అవి అరుచుకునేవి. చలికాలం రాకముందే ఒకటి చిక్కిపోయి చచ్చింది. రెండోది బతికే ఉంది, కానీ దానిలో ఆ రోగం ఉందో లేదో చెప్పేవారు లేరు.

ఒక పొద్దున మార్కెట్ వైపు నుంచి ఆకలిగొన్న కూన ఒకటి గడప దగ్గరికి వచ్చింది. ఎన్నడూ పిల్లిని అదిలించని బడేబీ కట్టె తీసుకొని, అది సందు దాటిపోయేదాకా తరిమింది.