కొండకి ఒక్క లెన్సు

ఆరిన బట్టలు మడతపెడుతున్న భార్యకి మంచం మీద జాగా దొరకలేదు. భర్త మంచం నిండా లెన్సులు పరిచేశాడు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీయడం అతని పని. వీధిలో అందరూ లెన్సుబాబు అంటారు.

కాసేపట్లో వ్యాను వస్తుంది. ఇరుగుపొరుగు కలిసి కొండెక్కడానికి వెళ్తున్నారు. పోయినసారి లెన్సుబాబు తన సంచి తనే మోయలేక సగం దారిలో ఓ బండ మీద చతికిలబడ్డాడు. అతన్ని వదల్లేక ఆమె కూడా అక్కడే ఉండిపోయింది. మిగతావాళ్ళు పైదాకా వెళ్ళొచ్చి, అవతలి లోయ గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఆమె చూసిందల్లా ఆ బండనే. ఈసారి ఎలాగైనా పైకెక్కి తీరాలని పట్టుబట్టింది.

“ఆ చిన్నదొక్కటే తీసుకెళ్ళండి,” అంది చీర అంచులు కలుపుతూ.

“ఇదా? సీసా మూతలా ఉంది. పెద్దది చూస్తేనే పెళ్ళిలో జనం పక్కకి తప్పుకుంటారు.”

“కొండ కూడా తప్పుకోవాలా ఏంటి?”

వంటింట్లో అత్తగారు కిసుక్కున నవ్వింది.

“అది కాదే. దూరంగా పిట్ట కనిపిస్తే?”

“దగ్గరికి నడవండి. నడవడానికేగా పోతున్నాం.”

లెన్సుబాబు మూతి ముడిచి, వంటింటి త్రాసు తెచ్చి ఒక్కొక్కటే తూచాడు. పెద్ద లెన్సు పెట్టగానే ముల్లు అదిరిపడి చివరికెళ్ళి ఆగింది. చిన్నది పెడితే కదిలీ కదలనట్టు కదిలింది.

“సంచి భుజాన వేసుకుని ఓసారి మేడెక్కి దిగండి,” అంది ఆమె.

పెద్దవాటితో వెళ్ళినవాడు ఆయాసపడుతూ దిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. చిన్నది బిగించిన కెమెరాతో మళ్ళీ వెళ్ళి ఈల వేసుకుంటూ వచ్చాడు.

“సరే, నువ్వే గెలిచావ్. ఇదొక్కటే.”

ఆమె ప్రాణం కుదుటపడింది. మడతపెట్టిన బట్టలు బీరువాలో సర్దడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి సంచి ఉబ్బి ఉంది.

“ఇదేంటి?”

“లెన్సులు తగ్గాయి కదా, ఖాళీ మిగిలింది. స్టాండు పెట్టాను. స్టాండు ఉన్నాక పెద్ద లెన్సు లేకపోతే ఎలా? దండగ కదూ!”

“నేను దుప్పటి పెట్టానమ్మాయ్,” అంది అత్తగారు. “పైన చలి. మందుల డబ్బా కూడా దూర్చాను. చోటుందిగా.”

“మీరూనా అత్తయ్యా!”

లెన్సుబాబు సంచిని త్రాసు మీద పెట్టాడు. త్రాసే సంచి కింద కనిపించకుండా పోయింది.

“ముల్లు కనబడట్లేదు. అంటే ఫరవాలేదన్నమాట,” అన్నాడు.

వీధిలో హారన్ మోగింది. పక్కింటావిడ వ్యానులోంచి చెయ్యూపుతోంది.

“వస్తున్నాం! ఒక్క నిమిషం!” అని అరిచి లెన్సుబాబు మళ్ళీ మంచం మీదికి వంగాడు. “స్టాండు తీసేసి ఈ మధ్యరకం లెన్సు పెడితే? అమ్మా, నువ్వు చెప్పు.”

“నల్లటిది పెట్టుకోరా.”

“అన్నీ నల్లటివేనే!”

మళ్ళీ హారన్ మోగింది. ఆమె భర్త వైపు చూసింది. అతను రెండు చేతుల్లో రెండు లెన్సులు పట్టుకుని, ఏది బరువో తేల్చుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె బూట్లు తొడుక్కుంది. సంచిలోంచి చిన్న లెన్సున్న కెమెరా తీసి మెడలో వేసుకుంది. గడప దాటి వ్యాను వైపు నడిచింది.