లిఫ్టు తలుపు మీది వాక్యం

పత్రిక అట్ట మీద నాలుగు మాటలు రాయడం కూడా ఒక విద్యేనా అని ఎవరైనా అంటే, "అయితే మీరు రాయండి, చూద్దాం" అనేది ఆవిడ. అది ఇరవై ఏళ్ళ పిల్లలు చదివే మాసపత్రిక. ఆవిడకు యాభై దాటాయి. అయినా ఆవిడ చెయ్యి పడనిదే ఏ అట్టా అచ్చుకు వెళ్ళదు. ఆఫీసులో అందరూ ఆవిడను అట్టమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆవిడా పలుకుతుంది.

ఈసారి ఎడిటరు తనే ఒక వాక్యం రాసుకొచ్చాడు: "మీ భవిష్యత్తును మలచుకునే మార్గాలు."

"బాగుందండీ," అంది అట్టమ్మ. "వాళ్ళ నాన్నలు కొంటారు."

ఎడిటరు ముఖం ముడుచుకున్నాడు. "మరి పిల్లలకేం కావాలంటారు?"

"సలహాలు వాళ్ళకి ఇంట్లోనే దొరుకుతాయి, వద్దన్నా వినకుండా. వాళ్ళ నోట్లో నలుగుతున్న మాట మన అట్ట మీద కనబడాలి. అప్పుడు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది."

అట్టమ్మకు ఒక పరీక్ష ఉంది. వాక్యాన్ని నమూనా అట్ట మీద వేయించి, కింది అంతస్తులో లిఫ్టు తలుపుకు అంటిస్తుంది. ఆ లిఫ్టు పిలవగానే పలికే రకం కాదు. దాని కోసం నిలబడ్డవాళ్ళకు తలుపు చూడడం తప్ప వేరే పనుండదు. ఎవరి పెదవులైనా కదిలితే వాక్యం గెలిచినట్టే. అభిప్రాయం మాత్రం ఎవరినీ అడగదు. అడిగితే అందరూ పెద్దమనుషులైపోతారని ఆవిడ అనుభవం.

ఈసారి అంటించిన వాక్యం ఇది: "మానేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

పెదవులేమిటి, నోళ్ళే తెరుచుకున్నాయి. లెక్కలు చూసే గుమస్తా చదివి, "నేనూ అంతే. పొద్దున్న నడక మానేశాను, మా ఆవిడకి తెలీదు" అని అడక్కుండానే ఒప్పేసుకున్నాడు. పై అంతస్తులో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి అటూ ఇటూ చూసి ఫొటో తీసుకుంది. ఎడిటరు కూడా దిగివచ్చి చూశాడు. తన వాక్యాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "సాయంత్రం అచ్చుకి పంపేద్దాం" అన్నాడు.

అట్టమ్మ గర్వంగా మెట్లెక్కింది. సగం మెట్లు ఎక్కేసరికి ఆ గర్వం కాస్తా చప్పబడింది. ఆ వాక్యం ఆవిడది కాదు.

బస్సుల్లో, వరసల్లో చెవిన పడ్డ మాటల్ని ఆవిడ ఎన్నిసార్లు వాడుకుందో. దొరికిన మాట దొరికినవాళ్ళదేనని ఆవిడ సిద్ధాంతం. కాని ఇది దారిలో దొరికింది కాదు. ఆదివారం నాడు అక్క ఇంట్లో గిన్నెలు తోముతుంటే, కుళాయి చప్పుడు చాటున అక్క కూతురు అన్న మాట. పిల్ల కాలేజీ మానేసి, బల్లలూ కుర్చీలూ చేసే వడ్రంగి దగ్గర పనికి చేరింది. రోజూ పుస్తకాల సంచీతోనే ఇంట్లోంచి బయల్దేరుతుంది, సంచీలో ఉండేది మాత్రం ఉలీ సుత్తీ. అక్కేమో కూతురు పెద్ద ఆఫీసరు కాబోతోందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటోంది. "పిన్నీ, అమ్మతో అనకు, నా మీద ఒట్టు" అని పిల్ల సబ్బు చేత్తోనే ఒట్టు వేయించుకుంది.

తను ఎవరికీ చెప్పలేదు, నిజమే. లిఫ్టు తలుపుకు అంటించింది, అంతే! ఒట్టు తీసి గట్టు మీద పెట్టడమంటే ఇదే. అట్టమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. మెట్ల మీదే నిలబడి పిల్లకు ఫోన్ చేసింది.

"ఏమే, నీ మాటొకటి నిన్నడక్కుండా వాడేసుకున్నాను. నువ్వు సరేనంటేనే అచ్చవుతుంది. వద్దంటే ఇప్పుడే చింపేస్తా."

"ఏ మాట పిన్నీ? మేం మీ ఆఫీసులోనే ఉన్నాం. ఆఫీసరు ఇంటర్వ్యూలకని అమ్మ నాకు కోటు కొంటుందట, నిన్నూ రమ్మంటోంది. ఇదిగో, లిఫ్టు దగ్గరే..."

అట్టమ్మ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మెట్లు దిగింది. అప్పటికే అక్క కళ్ళద్దాలు సర్దుకుని తలుపు వైపు చూస్తోంది. పిల్ల గోడకు అతుక్కుపోయి ఉంది. అక్క పెదవులు కదిలాయి. తన వాక్యం ఓడిపోతే బాగుండునని అట్టమ్మ కోరుకోవడం అదే మొదటిసారి.

అక్క పైకే చదివింది. చదివి, "ఎవరి పిల్లో పాపం!" అంది. "లోపల్లోపల ఎంత నలిగిపోతోందో. ఆ తల్లి ఎలాంటిదో మరి, కన్నపిల్ల నోరు విప్పలేకపోతోంది."

అట్టమ్మ కాగితం పీకేయడానికి చెయ్యి చాపింది. పిల్ల ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ పిన్నీ." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, అది నేనన్న మాటే. కాలేజీ మానేశాను. వడ్రంగం నేర్చుకుంటున్నాను. బాగా చేస్తున్నాను కూడా."

లిఫ్టు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. అది తన దారిన తను పోయింది.

అక్క ముందు చెల్లెలి వైపు చూసింది. "నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"నీ సంగతి తర్వాత చెప్తా." కూతురి చెయ్యి లాక్కుని అరచెయ్యి చూసింది. కాయలు కాచి ఉంది. "నాకెందుకు చెప్పలేదే?"

"తిడతావని."

"తిడతాను. తిట్టకేం? తిట్టాక అన్నం పెట్టనా?"

పిల్ల బావురుమంది. అక్క అన్నంత పనీ చేసింది, అక్కడే అందరి ముందూ తిట్లు లంకించుకుంది. కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

అట్టమ్మ చెయ్యి అలవాటుకొద్దీ చెవి వెనకున్న పెన్సిలు మీదికి పోయింది. వచ్చే నెల అట్ట మీదికి ఆ 'తిట్టాక అన్నం పెట్టనా' కంటే మంచి మాట దొరకదని ఆవిడకు తెలుసు. చెయ్యి దించేసింది. అక్క తిట్లు పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది.

"అక్కా," అంది, "ఇందాక నువ్వన్న మాట నేను వాడుకోనా?"