అప్పలసూరి డబ్బా

మొదటి షిఫ్టుకి వెళ్ళే మొగుడికి డబ్బా కట్టి పంపాక మార్త తన డబ్బా వైపు చూడదు. అత్తగారు పోయిన దగ్గర్నుంచీ అది గిన్నెల స్టాండు మీద బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

ఆ ఇంట్లో డబ్బా అంటే మాటలు కాదు. హిందీ మాట్లాడే ఆ బారిడీహ్‌లో కార్ఖానా వాళ్ళ ఇళ్ళన్నీ షిఫ్టుల ప్రకారమే లేస్తాయి, షిఫ్టుల ప్రకారమే పడుకుంటాయి. మామగారు అప్పలసూరిని మట్టి చేసిన మూడోనాడే ఆమె భర్త చిన్నబాబు హెల్మెట్ పెట్టుకుని గేటు దాటాడు. అదేమిటని ఒక్కరూ అనలేదు. డ్యూటీ కదా అన్నారు, అంతే. పెళ్ళై వచ్చింది మొదలు మార్త ఎన్ని డబ్బాలు కట్టిందో లెక్కలేదు. కానీ ఆమె చేసేదాన్ని ఎవరూ డ్యూటీ అనలేదు. డ్యూటీకైతే వారానికో రోజు ఆఫ్ ఉంటుంది మరి.

అందుకే ముప్పై తొమ్మిదో ఏట బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరతానంటే ఇంట్లో నవ్వులాటైంది. కొడుకు రోనాల్డ్ ఫోన్లోంచి తలెత్తకుండానే "ఇస్ ఉమర్ మే, మమ్మీ?" అన్నాడు, ఈ వయసులోనా అని. చిన్నబాబు దయతలచి, వంట చేసి పెట్టి వెళ్ళేటట్టయితే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. అత్తగారు కాంతమ్మ మాత్రం అటక మీంచి మామగారి మూడు గిన్నెల డబ్బా దింపించింది. మూత మీద చుక్కలతో కొట్టించిన ఆయన పేరు తేటగా కనబడేదాకా తోమింది.

"డ్యూటీకెల్లే మనిసికి డబ్బా ఉండాల. వంట నాను సూసుకుంటాను. నువ్వెల్లమ్మా," అంది.

మొదటి రోజు క్లాసులో లెక్చరరు, పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చిన తల్లులు బయట కూర్చోవాలని మర్యాదగానే చెప్పాడు. మార్త లేచింది, బయటికి వెళ్ళిపోవడానికే. పక్కనున్న సింధు అనే పిల్ల చెయ్యి పట్టుకు కూర్చోబెట్టి, ఆంటీ కూడా స్టూడెంటేనని చెప్పింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లకి కూడా తల దించుకోవాల్సి వస్తుందని మార్తకి అప్పుడే తెలిసింది. తర్వాత్తర్వాత ఆంటీ అందరికీ బాగా పనికొచ్చింది. క్యాంటీన్‌కి పోతూ బ్యాగులు చూస్తుండమనేవారు. అందరూ కలిసి చార్టు చెయ్యాలంటే వాళ్ళు బొమ్మలు గీసేవారు, ఆంటీ జంతికలు తేవాలి. ఎప్పుడో శ్రీకాకుళంలో తెలుగులో చదివిన ఇంటరాయె, హిందీలో గబగబా నోట్సు చెబుతుంటే సగం వాక్యం దగ్గరే కలం ఆగిపోయేది. మానేద్దామని ఆటోలో కూర్చుని ఎన్నిసార్లు అనుకుందో.

ఇంటికొచ్చేసరికి కాంతమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ ఉండేది. "ఈయేల ఏటి సెప్పారమ్మా?" అని అడిగేది. మార్త చరిత్ర పాఠంలో గుర్తున్నంత చెప్పేది. ముసలావిడ చేట పక్కన పెట్టి వినేది. ఆ పాఠంలోని రాణి తరవాత ఏమైందని అడిగేది. మార్తకి తెలిసేది కాదు. రేపు చెబుతానని పుస్తకం తీసేది. నిజం చెప్పాలంటే పరీక్షల కోసం కాదు, అత్తగారికి కథ పూర్తి చెయ్యడం కోసమే ఆమె చదవడం నేర్చుకుంది. ఆ ఇంట్లో ఆమె మాట చివరిదాకా విన్న మనిషి ఆవిడొక్కతే.

ఒక మధ్యాహ్నం కాంతమ్మ పొయ్యి దగ్గరే కూలబడిపోయింది. ఆ వేళకి మార్త కాలేజీ వరండాలో ఆవిడ కట్టిన డబ్బా విప్పి, వంకాయకూర సింధుకి వడ్డిస్తూ, ఏదో మాటకి పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కంచం పక్కకి నెట్టేస్తుంది.

విశాఖపట్నం నుంచి ఆడపడుచు బెట్సీ వచ్చింది. తల్లి మీద పడి ఏడ్చి, లేచి కళ్ళు తుడుచుకుని, అందరూ వింటుండగా ఒకే ఒక్క మాట అంది. "కోడలు పుస్తకాలట్టుకు తిరిగింది. మాయమ్మ వొండీ వొండీ పోయింది."

కాంతమ్మకి ఎన్నాళ్ళుగానో గుండెజబ్బు ఉందని చిన్నబాబుకి తెలుసు. అయినా అక్క మాటని కాదనలేదు. మార్తా కాదనలేదు. నిజమేనేమోనన్న భయం ఆమె గుండెల్లో అప్పటికే పడింది, ఆ రోజు నుంచీ అక్కడే ఉంది.

బెట్సీ మళ్ళీ రావడానికీ చిన్నబాబు ఆఫ్‌కీ కుదిరేలా ఇంట్లో పోయినావిడ పేర ఆదరణ కూటం పెట్టారు. ఉదయం పదింటికి ప్రార్థన. అదే పదింటికి మార్తకి చరిత్ర పరీక్ష. చెప్పి చూసింది.

"పరీచ్చ మల్లీ వత్తాది. అమ్మ మల్లీ వత్తాదేటి?" అన్నాడు చిన్నబాబు.

రాదు. ఆ సంగతి అతనికన్నా ఆమెకే బాగా తెలుసు. అందుకే ఆ కూటంలో లేచి నిలబడి కాంతమ్మ గురించి సాక్ష్యం చెప్పాలని, ఆవిడ తనకేం చేసిందో నలుగురికీ వినిపించాలని మార్తకి ప్రాణం కొట్టుకుపోయింది. కానీ కొడుకులూ కూతుళ్ళూ చుట్టాలూ చెప్పి ముగించేదాకా కోడలు వంటింట్లోనే ఉంటుంది. ఆమె వంతు వచ్చేసరికి వడ్డనల వేళవుతుంది. ముందు వరసలో బెట్సీ ఏం చెబుతుందో కూడా తెలుసు. పరీక్ష వదిలేస్తే ఆ మాటే ఖాయమైపోతుంది, ముసలావిడ వండి కట్టినదంతా వృథా అవుతుంది.

కూటం నాటి ఉదయం తెల్లవారకముందే లేచి అందరికీ సరిపడా అన్నం, పప్పు, కోడికూర వండేసింది. తెల్లచీర కట్టుకుంది. స్టాండు మీది డబ్బా దించి, కడిగి, ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో తను విడిగా చేసిన వంకాయకూర పెట్టింది. తన కోసం తను డబ్బా కట్టుకోవడం ఇదే మొదలు. క్లిప్పు ఒకసారికి పడలేదు. ఏడుస్తూనే మళ్ళీ బిగించింది.

వరండాలో కుర్చీలు వేయిస్తున్న చిన్నబాబు ఆమెని చూసి ఆగిపోయాడు. బెట్సీ కూడా తలెత్తింది. చుట్టాలు చూస్తున్నారు.

"పాస్టరుగారొచ్చే ఏళకి ఎక్కడికే?" అన్నాడు.

మార్త చెప్పులేసుకుని డబ్బా చేతిలోకి తీసుకుంది.

"డ్యూటీకెల్తన్నాను," అంది.

కుర్చీల మధ్య నుంచి నడిచి వీధిలోకి దిగింది. ఆ ఇంట్లో ఆ మాటకి అడ్డు చెప్పడం ఎవరికీ అలవాటు లేదు.