వదినా, తాగావా?

టవర్ క్రేన్ క్యాబిన్‌లో కాళ్లు చాపితే ముందు అద్దానికి తగులుతాయి, వెనక్కి వాలితే తల తలుపుకి తగులుతుంది. కాళ్ల కింద కూడా ఒక అద్దం ఉంటుంది. అందులోంచి చూస్తే మా మరిది చీమంత కనిపిస్తాడు. వాడు కింద సిగ్నల్‌మ్యాన్. వాకీటాకీలో వాడు ఎడమకంటే నేను ఎడమకి తిప్పాలి, దించమంటే దించాలి. ఇంట్లో నా మాట వాడు వింటాడు, ఇక్కడ వాడి మాట నేను వింటాను. దానికీ దీనికీ చెల్లు.

వాడు వదినా అని పిలవడంతో అక్కడ పనిచేసే వాళ్లందరికీ నేను వదిననైపోయాను. కమ్మీలు కట్టేవాళ్లకి, కాంక్రీటు పోసేవాళ్లకి, చివరికి మా నాన్న వయసున్న మేస్త్రీకి కూడా. మా ఆయనకి ఇంతమంది తమ్ముళ్లున్నారని పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు.

ఈ తమ్ముళ్లందరికీ కొన్నాళ్లుగా ఒకటే పని, నేనేం తాగానో ఆరా తీయడం. దానికీ మూలం మా మరిదే. ఒకసారి నాకు ఒంటేలుకి వెళ్తే భగ్గుమని మంట, చలిజ్వరం. వాడే క్లినిక్‌కి తీసుకెళ్లాడు. అక్కడి నర్సు నన్ను ఎగాదిగా చూసింది.

"నీళ్లు తాగుతావామ్మా?"

"టీ తాగుతాను."

"టీ అయినా, పాలయినా, నిమ్మరసమయినా అన్నీ లెక్కలోకి వస్తాయి. అన్నిట్లోనూ ఉండేది నీళ్లే కదా. ఉత్త నీళ్లయితే మరీ మంచిది. కానీ నీ పెదాలు చూస్తే ఏదీ తాగుతున్నట్టు లేదే!"

"తాగుతానండీ," అన్నాను. మరిది పక్కనే ఉన్నాడు మరి, ఇంకేమంటాను?

మర్నాటికల్లా నర్సు చెప్పిన మాట వాకీటాకీలోకి ఎక్కింది. ఆ ఛానల్ అందరికీ వినబడుతుంది. మేస్త్రీ ఒప్పుకోలేదు. "టీ నీళ్ల కింద రాదు. తాగినదానికంటే ఎక్కువ బయటికి లాగేస్తుంది," అన్నాడు.

"అలాగైతే మీరు ఈపాటికి ఎండి వరుగైపోయి ఉండాలి మేస్త్రీ గారూ!" అన్నాడు మరిది.

"నిమ్మరసం సగం లెక్క," అన్నాడు కమ్మీలు కట్టే అతను.

"మరి పుచ్చకాయో?"

"అది తిండి. తాగేదాని గురించి మాట్లాడు."

ఇంజనీరు గొంతు చించుకుని "ఛానల్ ఖాళీ చెయ్యండి" అనేదాకా ఆ పంచాయితీ తెగేది కాదు. తెగినా మర్నాడు మళ్లీ మొదలే.

నేను పైనుంచి తాడు దించితే మరిది సంచి కట్టేవాడు. ఒకరోజు ఫ్లాస్కులో టీ, ఒకరోజు నిమ్మరసం, వాటితోపాటు ఎప్పుడూ ఒక నీళ్ల సీసా. లాక్కున్న కాసేపటికి, "వదినా, తాగావా?" అని అడిగేవాడు. "తాగాను," అనేదాన్ని.

తాగేదాన్ని కాదు. నాలుక తడుపుకుని, మిగతాదంతా కాళ్ల దగ్గరున్న మూత డబ్బాలో ఒంపేసేదాన్ని. సాయంత్రం దిగాక గేటు పక్కన పారబోసేదాన్ని. ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో అని వాళ్లు కింద జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే పైన దాహం తీరేది ఆ డబ్బాకి.

ఎందుకంటే, తాగితే దిగాలి. దిగాలంటే నిలువు నిచ్చెన. దిగి, వెళ్లి, మళ్లీ ఎక్కేదాకా కింద అందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. సీటు ఇచ్చిన రోజునే ఇంజనీరు మొహమాటం లేకుండా అడిగాడు. "ఇదివరకటి వాళ్లు పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగేవాళ్లు. నీవల్ల అవుతుందా?"

"ఎందుకవదు!" అన్నాను. ఏళ్ల తరబడి ఆ క్రేన్ తాళ్లకి గ్రీజు పూసి సంపాదించుకున్న సీటు అది. ఇంకేమనమంటారు? పైగా మేస్త్రీ బావమరిది, గుబురు మీసాలాయన, లైసెన్సు జేబులో పెట్టుకుని ఆ సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుక్కూర్చున్నాడు. నేను ఒక్కసారి దిగితే చాలు, ఆడవాళ్లతో ఇదే గొడవ అనడానికి అందరి నోళ్లూ సిద్ధంగా ఉన్నాయి. అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఊరంతా కనిపించేంత ఎత్తున కూర్చుని కూడా నాకు బావిలో పడ్డట్టే ఉండేది. మందులతో మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఎవరితోనూ అనలేదు. మరిదితో అసలే అనలేను.

స్లాబు వేసే రోజు ఎండ పొద్దున్నే చురుక్కుమంది. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే ముందు పోసినదానికీ తర్వాత పోసినదానికీ అతుకు పడుతుంది. కాంక్రీటు బకెట్ ఎత్తడం, తిప్పడం, దించడం, మళ్లీ ఎత్తడం. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పొత్తికడుపులో ఎవరో మెలిపెడుతున్నట్టుంది. ఇప్పుడే వెళ్లాలి, ఈ క్షణమే వెళ్లాలి అని ఒళ్లు గోల పెడుతోంది. పళ్లు బిగించి బకెట్ మీద బకెట్ ఎత్తుతున్నాను.

"కొంచెం ఎడమకి వదినా," అన్నాడు మరిది.

నిండు బకెట్ వాళ్ల నెత్తి మీదుంది. నా చెయ్యి లివర్ మీదుంది. ఎడమ ఏదో నాకు తెలియలేదు. ఎంత ఆలోచించినా తెలియలేదు. కింద అద్దంలో మనుషులు ఒకసారి ఇద్దరిద్దరుగా కనబడుతున్నారు, ఒకసారి కనబడటం లేదు. వాళ్లలో మరిది ఎవడో పోల్చుకోలేకపోయాను.

"వదినా, ఎడమకి!"

లివర్ వదిలేశాను. బకెట్ ఉన్నచోటే ఆగి ఊగింది.

"అందరూ బకెట్ కిందనుంచి తప్పుకోండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వాళ్లు తప్పుకున్నాక కళ్లు గట్టిగా మూసి తెరిచి, అంగుళం అంగుళం తిప్పుకుంటూ బకెట్‌ని ఖాళీ నేల మీదికి తెచ్చి దించాను.

"ఏమైంది? ఎందుకాపావు?" అన్నాడు ఇంజనీరు.

నేను నోరు తెరిచేలోపు మరిది అందుకున్నాడు. "మోటారు వేడెక్కినట్టుంది సార్. కాసేపు ఆపితే సరిపోతుంది."

వాడికి ఏం అర్థమైందో ఏమో, నన్ను కాచుకోవాలని చూశాడు. అవునంటే సరిపోయేది. కాసేపు ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఎత్తొచ్చు. మళ్లీ వాడి నెత్తి మీదికే తిప్పొచ్చు.

"మోటారు బాగానే ఉంది సార్. నాకు ఒంటేలుకి వెళ్లాలి. కళ్లు తిరుగుతున్నాయి. దిగుతున్నాను."

ఛానల్‌లో ఎప్పుడూ ఆగని నోళ్లన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నిచ్చెన మీద మెట్టు మెట్టుకీ ఆగుతూ, కమ్మీని రెండు చేతులా కరుచుకుంటూ దిగాను. అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఎవరి మొహమూ చూడకుండా వెనకవైపు రేకుల మరుగుదొడ్లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

ఏమీ రాలేదు. నిప్పులాంటి రెండు చుక్కలు, అంతే. రావడానికి లోపల ఏముంది గనక? పని మొత్తం ఆపి, ఇంతమంది ముందు పరువు తీసుకుని దిగింది ఈ రెండు చుక్కల కోసం. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. బయట మిక్సర్ లారీ గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది.

బయటికొస్తే మరిది దూరంగా వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్ల సీసా, చంకలో ఫ్లాస్కు.

"అబద్ధాలు చెప్పావు కదా వదినా," అన్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పాను. ఆ సీసా ఇటివ్వు."

సిమెంటు బస్తా మీద కూలబడి గుక్క తిప్పుకోకుండా తాగాను. నీళ్లు గొంతు దిగుతుంటే నొప్పి పుట్టింది. నాకు అంత దాహం ఉందని నాకే తెలియదు. ఇంతలో ఇంజనీరు వచ్చాడు, ఆయన వెనకే మీసాలాయన.

"కాంక్రీటు గట్టిపడిపోతోందమ్మా. ఎక్కగలవా?"

"ఎక్కుతాను సార్, కాసేపు కూర్చోనివ్వండి. కానీ ఇకనుంచి తాగుతాను. తాగితే దిగుతాను కూడా. రోజూ."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వాచీ చూసుకున్నాడు, స్లాబుకేసి చూశాడు. "సరే, నువ్వు ఇంటికెళ్లి ఒళ్లు చూసుకో. ఇతను ఎక్కుతాడులే," అని వెళ్లిపోయాడు. ఈ పూటకా, ఎప్పటికీనా అన్నది చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. మరిది నోట్లోనే ఏదో బూతు నమిలాడు.

మీసాలాయన వెంటనే వెళ్లలేదు. అటూ ఇటూ చూసి నా దగ్గరికి వంగాడు.

"వదినా, ఆ ఖాళీ సీసా ఇస్తారా?"

"ఎందుకూ?"

అతను నేల చూపులు చూశాడు. ఆ చూపుతోనే నాకు అర్థమైంది, నాకు ముందున్న మగవాళ్లు సాయంత్రం దాకా దిగకుండా ఎలా నెట్టుకొచ్చారో.

"దిగి రావచ్చు కదయ్యా," అన్నాను.

"మీరు దిగారుగా. ఏమైందో చూశాంగా."

అతని మీద ఇన్నాళ్లూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. సీసా ఇచ్చేశాను.