అసిరమ్మ అంగిలిని చూపిన అద్దం

నేను ఒక నోటి అద్దాన్ని. రూపాయి బిళ్ళంత ముఖం, పొడవాటి ఉక్కు కాడ. నన్ను తయారుచేసిన కార్మికుడు చివరిసారి తుడుస్తూ నాలో తన మీసం చూసుకున్నాడు. ఆ తరువాత నన్ను పట్టుకున్నవారందరూ ఎదుటివారి నోరే చూశారు. మనుషులకు అది సహజమే.

నా మొదటి యజమాని దంతవైద్య విద్యార్థి. పరీక్ష గట్టెక్కించమని నా ముఖాన కుంకుమబొట్టు పెట్టాడు. బొట్టు అడ్డమై దవడపళ్ళు కనబడక తప్పాడు. అతడు వదిలేసిన నేను ఉత్తరాంధ్ర తీరంలోని ఒక దంతవైద్యశాలలో డాక్టర్ విశ్వేశ్వరం చేతికి వచ్చాను.

అక్కడికి అసిరమ్మ వచ్చింది. చేపలమ్మే మనిషి. గంప ఆమె నెత్తిన ఉన్నా, బేరం నడిపేది ఆమె కేక. ఆ తీరపు ఆడవాళ్ళలో చాలామందిలాగే ఆమెకూ అడ్డపొగ అలవాటు: చుట్ట నిప్పు మొనను నోటిలోపల పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి నిప్పు ఆరదని వారి తర్కం.

ఆమె అంగిలి మీద లోతైన పుండును నేను చూపించాను. డాక్టరుగారు అడిగింది ఒకటే: అడ్డపొగ తాగుతావా? తాగుతానంది. విచారణ అంతటితో ముగిసింది. అక్కడ అడ్డపొగ, అంగిలి పుండు కలిస్తే క్యాన్సరే. చాలాసార్లు అది నిజం కూడా. పుండులోంచి చిన్న ముక్క కోసి చేయించిన పరీక్షలోనూ అనుమానమే అన్నారు. అంగిలి సగం తీసేయాలని, మాట ముక్కులోంచి వస్తుందని ఆయన వివరించారు.

"కేక రాదేటి బాబూ?" అని మాత్రం అడిగింది అసిరమ్మ.

కోతకు ముందు ఆ ముక్కను మళ్ళీ చూసిన, కణజాలం పరీక్షించే డాక్టర్ హైమవతిగారికి అది నచ్చలేదు. అందులో చిన్న లాలాజల గ్రంథులు చచ్చి ఉన్నాయి, కానీ వరుస తప్పలేదు. క్యాన్సర్ అంత మర్యాద పాటించదు. ఆమె స్వయంగా వచ్చి, పుండు లేవకముందు ఏం జరిగిందని అడిగారు.

"ఏటీ నేదమ్మా. ఈ బాబే పన్ను పీకినారు. అంగిట్లో సూది ఏసి."

విశ్వేశ్వరంగారు నన్ను పళ్ళెంలో బోర్లా పెట్టారు. సూదిమందు వల్ల రక్తం అందక గ్రంథులు చచ్చి, పుండు పడిందన్నమాట. అరుదైన జబ్బు, నాలుక తిరగని పేరు, తనంతట తానే మానుతుంది. వైద్యుడు చేయవలసింది ఆగడమే. ఆయన జీవితంలో అంత కష్టమైన చికిత్స మరొకటి చేసి ఉండరు.

కొన్ని వారాలకు పుండు మానింది. మొక్కుకున్న అమ్మోరికి కోడి ముట్టింది. ఈ అరుదైన జబ్బు గురించి చెప్పిన విశ్వేశ్వరంగారికి వైద్యుల సదస్సులో చప్పట్లు ముట్టాయి. అక్కడ సూది వేసినవారి పేరు మాత్రం వినబడలేదు. మాన్పిన శరీరానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

చివరిసారి చూపించుకోవడానికి వచ్చిన రోజున అసిరమ్మ కొంగుముడిలో చుట్ట ఉంది. దాని వల్ల కాదని మీరే తేల్చారు కదా అని ఆమె వాదన. హైమవతిగారు అసిరమ్మ చేతికి ఒక పెద్ద అద్దమిచ్చి, నన్ను నోట్లో పెట్టారు. ఒక నోటి సొంతదారు నాలో తన నోరు చూసుకోవడం అదే మొదలు. మానినచోట గులాబిరంగు, చుట్టూ కాలి తెల్లబారిన చర్మం, దానిమీద ఎర్రటి చుక్కలు.

"మానింది అమ్మోరి ఖాతాలో వేసుకో. ఈ తెలుపు మాత్రం నీ చుట్టదే. ఇది పుండైతే ఆగుదామని నేను అనలేనమ్మా."

అసిరమ్మ పెద్ద అద్దాన్ని పక్కన పెట్టింది. ముడి విప్పి చుట్ట తీసింది. విశ్వేశ్వరంగారు ఆశగా చెత్తబుట్టను కాలితో ఆమె వైపు జరిపారు.

"సరే నెండి. ఇకమీదట నిప్పు బైటికి ఎట్టుకుంతాను."

ఇప్పుడు నా ముఖమంతా గీతలు. పారేయవలసిన సామాను పళ్ళెంలో పడి ఉన్నాను. కిటికీలోంచి అసిరమ్మ కేక నిక్షేపంగా వినబడుతోంది. నా కళ్ళముందు మనుషుల వివేకం ఎంత దూరం నడిచిందని ఎవరైనా అడిగితే, కొలిచి చెప్పగలను: ఒక చుట్ట పొడవు.