గడప దాటని కణాలు

ఆ ఉదయం ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేక గునుస్తోంది. ప్రయోగశాలలో గాజుసామాను కడిగే బాబాయ్ గొడుగు మూలన ఆనించి వచ్చేసరికి, పరిశోధన చేసే అమ్మాయి మైక్రోస్కోపుకి కన్ను ఆనించి కూర్చుంది.

“ఏమ్మా, బయటికొచ్చారా మనవాళ్ళు?”

“ఒక్కడూ రాలేదు బాబాయ్. అందరూ మొద్దునిద్రే.”

మనవాళ్ళంటే మాక్రోఫేజులు, ఒంట్లో చొరబడ్డ క్రిముల్ని మింగే కణాలు. సన్నటి గాజు గొట్టాల్లో వాటిని కుక్కి పెడితే, తెల్లారేసరికి పాకుతూ బయటికొచ్చి మూతి దగ్గర విసనకర్రలా పరుచుకుంటాయి. ఒంటికి కాపలా కాసే మరోరకం కణాలు, టి-కణాలు, వదిలే ఊట తగిలితే మాత్రం ఉన్నచోటే చతికిలబడతాయని అమ్మాయి మూడు నెలలుగా వాదిస్తోంది. తీరా చూస్తే ఊట పోయని గొట్టాల్లోనూ కదలిక లేదు.

పెద్ద మేడం వచ్చి చూసి పెదవి విరిచింది. “ఊట లేకపోయినా కదలనివాటిని ఊటే ఆపిందని ఎలా చెప్తావ్? ఇదే ఆఖరిసారని ముందే అన్నాను. రేపట్నుంచి వేరే పని చూసుకో.”

అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. బాబాయ్ తొట్టి దగ్గరికి నడిచాడు. నిన్న తాను కడిగిన గొట్టాల్లో మిగిలినవాటిని గ్లాసు నీళ్ళలో వేసి ఊపాడు. అంచున సన్నగా నురగ.

సబ్బు పూర్తిగా పోలేదు. పిల్ల ఆఖరి పరీక్ష కదా, తళతళలాడాలని సబ్బుపొడి రెండు గుప్పిళ్ళు ఎక్కువేశాడు. నోరు మూసుకుంటే ముప్పై ఏళ్ళ పేరు నిలుస్తుంది, పిల్ల పని పోతుంది. గ్లాసు పట్టుకుని మేడం గదిలోకి వెళ్ళాడు.

“తప్పు పిల్లది కాదమ్మా, నాది. సబ్బు తాగినవాళ్ళు ఎక్కడ పాకుతారు?”

మేడం నురగ చూసింది. “ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారా?”

“మీకు తెలిసినంతవరకూ.”

ఆవిడ నవ్వు ఆపుకుంది. “సరే, ఇంకొక్క రోజు.”

ఆ రోజు పన్నెండుసార్లు నీళ్ళు పోసి కడుగుతుంటే టీ అతను గుమ్మంలో నిలబడి, “గాజు అరిగిపోతుందన్నా!” అన్నాడు.

“నీ గ్లాసులు ఇలా కడిగుంటే నీ టీ తాగేవాణ్ణి.”

మర్నాడు ఊట లేని గొట్టాల మూతుల దగ్గర విసనకర్రలు విచ్చుకున్నాయి. ఊట పోసినవి అత్తారింట్లో కొత్తల్లుళ్ళలా కూర్చున్నచోటు వదల్లేదు. మేడం మూడుసార్లు చూసి, “రాసిపెట్టు,” అంది, అంతే.

మధ్యాహ్నం వసారాలో బల్ల మీద ముగ్గురూ డబ్బాలు విప్పారు. మేడం తన కూరలో సగం బాబాయ్ మూతలో వేసింది. రెండు రోజులుగా ముద్ద దిగని అమ్మాయి డబ్బా అడుగు దాకా తుడిచి తింది.